ఖాళీ మందసం ముందు కాలే దీపం

కిందటి వారం మనం తాయమ్మను మిద్దె మీద, ఆమె కొడుకును ఆసుపత్రిలో, ఆమె కోడలిని సెల్‌ఫోను ముందర వదిలేసి వచ్చాం. ముగ్గురూ ఇంకా అక్కడే ఉన్నారు. కదలాలన్నా ఎక్కడికి కదులుతారు? ఆ మే నెలలో రాష్ట్రమంతా ఒకటే పద్ధతి: పన్నెండు దాకా క్యూ, పన్నెండు దాటితే కర్ఫ్యూ.

పోయిన సంచికను బజ్జీల కింద పరిచేసినవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటిసారి కరోనా చుట్టపుచూపుగా వచ్చింది. రెండోసారి కాపురం పెట్టడానికే వచ్చింది. రేణిగుంట శివారున ఉన్న లూర్దునగర్ దానికి నచ్చినట్టుంది, సామాను అక్కడే దించింది. వీధికి ఈ కొసనా ఆ కొసనా వెదురుబొంగులు అడ్డం కట్టేశారు. పోలీసును బతిమాలవచ్చు, వాలంటీరును బుజ్జగించవచ్చు, వెదురుకు మాత్రం ఎదురు లేదు. ఆ బొంగులకు అవతల, రోడ్డు దాటితే మాత గుడి. క్యాథలిక్కుల గుడి. దానికీ తాళం పడింది. ఆదివారం పూజ ఆగింది, మాస్ పోయి మాస్కు మిగిలింది.

తలుపుకు తాళం వేశారు గానీ తలపుకు వేయలేకపోయారు. గుడికి వీధి వైపు ఒక పెద్ద కిటికీ ఉంది. అందులోంచి చూస్తే పీఠం వెనక మందసం కనిపిస్తుంది. ఇత్తడి తలుపున్న చిన్న పెట్టె అది. పూజలో ఫాదర్ ఆశీర్వదించిన అప్పాన్ని, అంటే సత్ప్రసాదాన్ని, అందులో భద్రం చేస్తారు. క్యాథలిక్కుల విశ్వాసంలో అది ఇంక అప్పం కాదు, సాక్షాత్తు స్వామే. ఆయన లోపల ఉన్నంతకాలం పక్కన ఎర్రగాజు దీపం ఒకటి రేయింబవళ్లు వెలుగుతుంది. దీపం వెలుగుతోందంటే ఇంటాయన ఇంట్లోనే ఉన్నట్టు. అందుకని లూర్దునగర్ జనం రోజూ పొద్దుగూకే వేళకు ఎవరి మిద్దె వాళ్లెక్కి, ప్లాస్టిక్ కుర్చీలు ఆ కిటికీ వైపు వేసుకొని, దూరాన ఎర్రచుక్కను చూస్తూ జపమాల చెప్పుకుంటున్నారు. ఒక మిద్దె మొదలుపెడితే ఇంకో మిద్దె అందుకుంటుంది. నెట్‌వర్కుతో పని లేదు, ఎవరి గొంతే వాళ్లకు టవరు.

ఆ దీపంలో కాలే నూనె తాయమ్మ ఇంటిది. ఆమె మొగుడు చిన్నప్ప మొక్కుకున్న మొక్కు. చిన్నప్ప పోయాడు, మొక్కు పోలేదు. అయితే ఆయన పోయే గడియకు ఫాదర్ దొరకలేదు. అప్పటి ఫాదర్ ధ్యానకూటాలకని గూడూరు వెళ్లి ఉన్నాడు. చివరి ప్రార్థన లేదు, చివరి సత్ప్రసాదం లేదు. "కావాల్సినప్పుడు రానాయన దగ్గరికి నేనెందుకు పోవాల?" అని కొడుకు సుకుమార్ ఆనాటి నుంచి గుడి గడప తొక్కలేదు. ప్రతి ఆదివారం అమ్మను బైకు మీద గేటు దాకా తీసుకువస్తాడు, పూజ అయ్యేదాకా గేటు బయట బండి మీదే కూర్చుంటాడు. అమ్మ గ్రేటు క్రైస్తవురాలు, కొడుకు గేటు క్రైస్తవుడు అని వీధిలో నవ్వుకునేవాళ్లు.

ఆ సుకుమార్‌కే, పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా సుకుమారం లేని గోడౌను హమాలీకే, ఊపిరి అందలేదు. 108 వచ్చింది. ఈ తిరుమల కొండ కింద నూటెనిమిది అంటే ఒకప్పుడు అష్టోత్తరం, ఆ నెలలో మాత్రం అష్టకష్టాల అంబులెన్సు. అదే రోజు ఫాదర్ ప్రతాప్ కూడా జబ్బుపడి తిరుపతిలో అదే ఆసుపత్రికి వెళ్లారు. గుడి తాళంచెవి ఉపదేశి వెంకటముని చేతికి వచ్చింది. ఫాదర్ లేనప్పుడు గుడి చూసుకుంటూ ప్రార్థనలు నడిపించే మనిషి ఆయన.

ఇప్పుడు మిద్దె ఎక్కుదాం.

మిద్దె తాయమ్మది కాదు. ఆమెది రేకుల ఇల్లు, మే నెలలో దాని మీద కూర్చుంటే జపం పూర్తయ్యేలోపు మనిషి దోశ అవుతుంది. ఇది ఎదురింటి పంకజాక్షి మిద్దె. కింద చిల్లర కొట్టు, పైన కాపురం, ఆ పైన మిద్దె. పంకజాక్షి కొండమీది స్వామి భక్తురాలు. అయినా సాయంత్రమైతే తాయమ్మ పక్కన ఆమె కుర్చీ కూడా పడుతుంది. అలిపిరి దగ్గర ఉండే ఆమె అన్న పరంధామయ్య కూడా సుకుమార్ ఉన్న వార్డులోనే ఉన్నాడు మరి.

"మా సామికీ దండం పెట్టుకున్నా, మీ సామికీ పెట్టుకుంటా ఉండా. ఎవురికి తీరికుంటే వాళ్లు సూస్తారులే మా అన్నను," అంది పంకజాక్షి చీరకొంగుతో విసురుకుంటూ.

"ఎట్లుండాడంటక్కా మీ అన్న?" అని అడిగింది తాయమ్మ.

"బాగుండాడంట. పొద్దన మా వదిన ఫోన్ చేసింది. అందురూ బాగుండాడు, బాగుండాడు అనేవాళ్లే. ఆయన చేత ఒక మాట మాట్లాడించండే అంటే మాత్రం, ఫోన్లో ఛార్జింగ్ లేదంటారు. ఆసుపత్రిలో కరెంటు కూడా లేదా ఏమి?"

తాయమ్మ నవ్వబోయి ఆగింది. ఆమె కోడలు గ్రేసీ పిట్టగోడకు ఆనుకొని ఫోను వైపే చూస్తోంది. గ్రేసీది గూడూరు. పేరులో గ్రేసు, మాటలో ఊరి నిమ్మకాయ పులుసు. రెండు రోజులుగా ఆ పులుపు కూడా పోయింది. వార్డులో పనిచేసే ఒక సిస్టర్ దయ తలచి రోజూ సాయంత్రం తన ఫోను నుంచి సుకుమార్‌తో ఒకటి రెండు మాటలు మాట్లాడించేది. నిన్న ఆ ఫోను రాలేదు. ఈ రోజు కూడా ఇంతవరకు రాలేదు.

"మే గ్రేసీ, దాన్నట్ల సూడగాకు. సూస్తే మోగదు అది."

"సూడకపోతే మోగుతాదా అత్తా? నువ్వు ఆ దీపాన్ని రెప్పెయ్యకుండా సూస్తా ఉంటే నేనేమన్నా అంటా ఉండానా?"

"దీపం సంగతి వేరే. అది ఎలుగుతా ఉన్నన్ని దినాలు మనవాడికేం కాదు."

ఈ లెక్క ఏ ఫాదరూ చెప్పింది కాదు. అంబులెన్సు తలుపు మూసుకున్న రోజు సాయంత్రం తాయమ్మ తనకు తానే కట్టుకున్న లెక్క. గుడిలోకి పోలేని మనిషి గుడిలో వెలుగును కంటితో పట్టుకుంది. ఆ కొసన దీపం, ఈ కొసన కొడుకు ఊపిరి, మధ్యలో తన చూపు. ఆ చూపు తెగితే ఏదో తెగిపోతుందని ఆమె భయం.

గుడిలో ట్యూబులైటు వెలిగింది. వెంకటముని వచ్చాడు. కిటికీలో బొమ్మలా కనిపిస్తున్నాడు. సీసాలోంచి నూనె వంచాడు. కొత్త వత్తి తీయబోతుంటే అది జారి కింద పడింది. గొంతుకూర్చొని వెతికి తీసుకున్నాడు, లేచాడు, దీపం సరిచేశాడు, మందసం ముందు నుంచి దాటుకొని పక్కవాకిలి వైపు వెళ్లిపోయాడు.

తాయమ్మ వేళ్ల మధ్య జపమాల పూస ఆగిపోయింది.

మోకాలు వంచలేదు.

స్వామి లోపల ఉన్నప్పుడు మందసం ముందు దాటే ఏ క్యాథలిక్ అయినా కుడి మోకాలు నేలకు ఆనించి లేస్తాడు. పసిపిల్లలకు నడకతోపాటు నేర్పే పద్ధతి అది. వెంకటముని మోకాలిది మరీ పేరుపొందిన కథ. కీలు అరిగిపోయింది, వంచవద్దని డాక్టరు చెప్పాడు, అయినా వంచేవాడు. వంచినప్పుడల్లా మోకాలు కిర్రుమనేది. ఆ చప్పుడు కోసం ముందు బెంచీలో పిల్లలు చెవులు రిక్కించి కాచుకునేవాళ్లు. పీఠం ఊడ్చేటప్పుడు ఎన్నిసార్లు అటూ ఇటూ దాటితే అన్నిసార్లూ కిర్రు, కిర్రు.

నిన్న? నిన్న కూడా వంచలేదు. మొన్న? వంచినట్టు గుర్తులేదు. నొప్పి ముదిరిందేమో అనుకుంది తాయమ్మ అప్పుడు. కానీ ఇప్పుడు వత్తి కోసం గొంతుకూర్చున్నాడే! వత్తికి వంగిన కాలు దేవుడికి వంగదా?

ఆమె లేచింది.

"యాడికి తాయమ్మా? జపం మొదలుపెట్టాల గదా," అంది పంకజాక్షి.

"వస్తా ఉండక్కా," అని మెట్లు దిగింది.

వెంకటముని ఖాళీ సీసా తిరిగివ్వడానికి బొంగుల దగ్గరికే వస్తున్నాడు. రోడ్డు నిర్మానుష్యంగా ఉంది. బ్లీచింగ్ పౌడరు ముగ్గులా చల్లి ఉంది. తాయమ్మ బొంగుకు ఇవతల నిలబడింది.

"ఏమప్పా వెంకటమునీ, మోకాలెట్లుండాది?"

"దానికేం వదినా, అట్లే ఉండాది. వానొస్తే పీకుతాది, ఎండొస్తే కుట్టుతాది. నన్నొదిలి యాడికి పోతాది?"

"వత్తి కింద పడితే గొంతుకూచోని తీసుకుంటివే."

వెంకటముని సీసాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మల్ల సామి ముందర వంచేదానికి ఏమొచ్చె?"

"మర్సిపోయినా వదినా."

"అన్నం తినేది మర్సిపోతావేమో, అది మర్సిపోవు నువ్వు. నువ్వు మర్సినా నీ కాలు మర్సదు. సెప్పు. మందసంలో ఎవురుండారు?"

"మెల్లిగా మాట్లాడు వదినా. మిద్దెల మింద జనం ఉండారు."

"ఎవురుండారప్పా లోపల?"

వెంకటముని మాస్కు సరిగానే ఉంది, అయినా దాన్ని ఇంకా పైకి లాక్కున్నాడు. సీసా నేల మీద పెట్టాడు. అంత మెల్లగా పెట్టాల్సిన సీసా కాదు అది.

"ఎవురూ లేరు," అన్నాడు.

తాయమ్మ రెండు చేతులూ బొంగును పట్టుకున్నాయి.

"ఎప్పుటి నుంచి?"

"ఫాదర్ పోయిన దినం నుంచి. ఉన్నిందంతా ఆయనే తీసేసినాడు. మందసం ఖాళీ."

"అంటే..." తాయమ్మ గొంతు సన్నగా మొదలై, దారిలో విరిగింది. "అంటే ఇన్ని దినాలూ నేను నా బిడ్డను ఖాళీ పెట్టెకు అప్పజెప్పినానా? ఇత్తడి తలుపుకు ఏడ్సినానా? నా మొగుడి నూనె ఊరికే కాలిపోయెనా? సెప్పు వెంకటమునీ! గోడకు మొక్కుకున్నా ఇంతకన్నా మేలు గదా. గోడ నన్ను మోసం సెయ్యదు!"

"వదినా..."

"వదినా అనగాకు నన్ను!"

ఎదురు మిద్దె మీద ఎవరో లేచి నిలబడి తొంగి చూశారు. వెంకటముని తల వంచుకున్నాడు. ఎవరికైనా ఉపదేశం చేయడమే పనిగా ఉన్న ఉపదేశి ఆయన. ఆ పూట మాత్రం మాట బొంగుల మధ్య ఇరుక్కున్నట్టు వచ్చింది.

"ఫాదర్ నాకు సెప్పినాడు వదినా. దీపం ఆర్పేయి, మందసం తలుపు తెరిసిపెట్టు అని. ఖాళీగా ఉంటే అట్లే పెట్టాల, అది పద్ధతి. ఆ సాయంత్రం ఆర్పేదానికే పోయినా. ఊదేదానికి నోరు కూడా తెరిసినా. కిటికీలోనుంచి సూస్తే నువ్వు మిద్దె మింద ఉండావు. ఆ మద్దేనమే గదా సుకుమారును బండి ఎక్కిచ్చి పంపినావు. రెండు సేతులూ ఇట్ల పెట్టుకోని దీపం దిక్కే సూస్తా ఉండావు. ఎట్ల ఊదేది? నువ్వే సెప్పు. నా తావున నువ్వయితే ఊదుదువా?"

తాయమ్మ కిటికీ వైపు చూసింది.

"తెల్లారినాక ఆర్పుదాంలే అనుకున్నా. తెల్లారితే ఎదురుమిద్దె మునిప్రసాదు పెండ్లాం సీసాతో నూనె తెచ్చి బొంగు కాడ పెట్టి పోయుండాది. మా ఇంటి పేరు కూడా సెప్పు ఉపదేశీ అని. సాయంత్రానికి అందురూ మిద్దెలెక్కేసినారు. ఇంగ ఆర్పలేకపోయినా."

"అబద్ధం సెప్పినావు."

"నోటితో సెప్పలేదు వదినా."

"దీపంతో సెబితే అబద్ధం కాదా?"

"అబద్ధమే. అందుకే మోకాలు వంచలేదు. ఒగ అబద్ధాన్ని మోసేదే కష్టంగా ఉండాది. దేవుడు లేని సోట దేవుడికి మోకరించి ఇంగోటి సెయ్యలేకపోయినా."

గాలి లేదు. బొంగులకు కట్టిన ఎర్ర ప్లాస్టిక్ రిబ్బను కూడా కదలడం లేదు. తాయమ్మ మాట్లాడినప్పుడు గొంతులో కోపం తగ్గింది, దాని స్థానంలో వచ్చినది కోపం కన్నా కష్టంగా ఉంది.

"మల్ల ఆయన యాడికి పోయినాడు?"

"ఎవురు?"

"సామి! తీసేసినాడంటివే ఫాదరు. తీసి ఏం సేసినాడు?"

"సత్ప్రసాదం సానా మటుకు తనే స్వీకరించినాడు. కొన్ని మాత్రం చిన్న డబ్బీలో పెట్టుకోని, దారం కట్టి, సొక్కా లోపల మెడకు తగిలిచ్చుకున్నాడు. ఆసుపత్రిలో మనోళ్లు ఎంతమంది పడుండారో, వాళ్లు గుడికి రాలేరు, నేను తీసకపోతా అన్నాడు. అంతలో నూటెనిమిది వచ్చింది."

"ఏ నూటెనిమిది?"

"ఆ దినం ఉన్నిందే ఒక్క బండి గదా వదినా. మీవాణ్ణి ఈడ ఎక్కిచ్చుకోని, మలుపు తిరిగి, గుడెనక ఫాదర్ను ఎక్కిచ్చుకున్నారు."

తాయమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"ఒగే బండా?"

"ఒగే బండి. మీవాడు పడుకోని ఉండాడు, ఫాదర్ పక్కన కూసున్నాడు."

మిద్దె మీద నుంచి గ్రేసీ పిలిచింది. "అత్తా! మొదలుపెట్టమంటా ఉండారు!" తాయమ్మ వినిపించుకోలేదు.

"సెప్పు. ఇంగా సెప్పు."

"ఫాదర్ ఎక్కతా ఉంటే ఆయన మెడలో ఎవురుండారో నాకు తెలుసు గదా. రోడ్డు మిందే మోకాలు వంచినా. మిట్టమద్దేనం, తారు సలసలమంటా ఉండాది. డ్రైవరు అరిసినాడు, ఇదేమన్నా గుడా పెద్దాయనా, పక్కకు జరుగు అని. నా మోకాలి సప్పుడుకో ఏమో, లోపల పడుకోనున్న మీవాడు తల ఎత్తినాడు. మూతి మింది మాస్కు పక్కకు లాగినాడు. 'ఎవురికి మొక్కతా ఉండావు సిన్నాయనా? బండిలో ఎవురుండారు?' అన్నాడు."

తాయమ్మ బొంగు మీదికి వంగింది.

"ఫాదరే బదులు సెప్పినాడు. 'ఆయనే, సుకుమార్. నువ్వెప్పుడూ గేటు దాకానే వస్తావు. ఈ రోజు ఆయనే నీ బండి ఎక్కాడు' అని."

"మావాడేమన్నాడు?"

"డోరు ఏసేసినారు."

"ఏమన్నాడప్పా!"

"సైరన్ మోగింది వదినా. పెదాలు కదిలినట్టుండె. నాకు ఇనపళ్లా."

తాయమ్మ బొంగు మీద నుదురు ఆనించింది. ఆమెకు కావలసింది ఇంత పెద్ద లోకంలో ఇంత చిన్నది. కొడుకు బతకాలి, నిజమే. బతకకపోతే, వాళ్ల నాయన మాదిరి ఏమీ లేకుండా, వట్టి చేతులతో, దేవుడి మీద అలిగి పోకూడదు. సత్ప్రసాదం తీసుకున్నాడా? తల తిప్పుకున్నాడా? తెలిసినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ ఆ వార్డులోనే ఉన్నారు.

తర్వాత తల ఎత్తింది.

"పో. పోయి దీపం ఆర్పు."

"వదినా! జనం అల్లాడిపోతారు..."

"జనానికి నేను సెప్తా. తలుపు తెరిసిపెట్టు, ఫాదర్ సెప్పినట్ల."

ఆమె మిద్దె మీదికి చేరుకునేసరికి గుడి కిటికీలో ఎర్రచుక్క ఒకసారి పైకి లేచి, సన్నబడి, పోయింది.

వీధి వీధంతా ఒక్కసారిగా కేక. "అయ్యో, దీపం!" ఒక మిద్దె మీద పిల్ల ఏడుపు అందుకుంది. ఇంకో మిద్దె మీద ఎవరో గుండెలు బాదుకున్నారు. పంకజాక్షి కుర్చీలోంచి లేచి, "ఇదేందమ్మా, సెడ్డ శకునం!" అంటూ మెడలో పుస్తెలు పట్టుకుంది.

"ఎవురూ అరవగాకండి!" తాయమ్మ పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె గొంతుకు మైకు ఎప్పుడూ అవసరం లేదు, ఆ రోజు అసలే లేదు. "ఆర్పమన్నది నేనే!"

"నీకేమన్నా మతి పోయిందా తాయమ్మా?" రైల్వేలో గ్యాంగుమన్ మునిప్రసాద్ ఎదురు మిద్దె నుంచి అరిచాడు. "నీ బిడ్డ ఆసుపత్రిలో ఉంటే సామి దీపం ఆర్పిస్తావా?"

"సామి ఆడ లేడప్పా. ఫాదర్ పోయిన దినమే ఆయన కూడా పోయినాడు. ఫాదర్ మెడలో డబ్బీలో ఉండాడు. నా కొడుకుతోపాటు ఒగే బండిలో పోయినాడు. మనం ఈడ ఆయన లేని ఇంటి ముందర కూసోని పిలస్తా ఉంటే, ఆయన మనోళ్ల మంచాల మధ్యన ఉండాడు."

తెరిచిన మందసం ట్యూబులైటు వెలుగులో నోరు తెరిచినట్టు నల్లగా కనిపిస్తోంది. ఖాళీ అని తెలిశాక దాన్ని చూడటం ఎవరి వల్లా కాలేదు.

"మరి మనం ఇప్పుడు ఏ దిక్కు సూడాలంటావు?" అన్నాడు మునిప్రసాద్. ఈసారి అరవలేదు.

తాయమ్మ తన కుర్చీని పట్టుకొని తిప్పింది. గుడి తూర్పున ఉంది. కుర్చీ పడమటికి తిరిగింది, తిరుపతి వైపు, అప్పుడే పొద్దు దిగిపోయిన కొండల వైపు. "ఆయన యాడుంటే ఆ దిక్కు. పూజ లేనప్పుడు ఏం సెయ్యాలని ఫాదర్ నేర్పించినాడు గదా? నాలుక మిందికి రాలేకపోతే మనసులోకి రా నాయనా అని అడగండి. మనకు రాకపోయినా పర్వాలేదు. ఆడున్నోళ్లకు రమ్మనండి."

ముందు గ్రేసీ కుర్చీ గరగరమంది. తర్వాత పక్క మిద్దె. తర్వాత ఎదురు మిద్దె. ప్లాస్టిక్ కాళ్లు సిమెంటు మీద ఈడ్చుకుంటున్న చప్పుడు వీధి చివరిదాకా పాకిపోయింది. పంకజాక్షి కూడా తిరిగి కూర్చొని, కొండల్లో వెలుగుతున్న ఘాట్‌రోడ్డు లైట్లను చూసింది.

"అట్లయితే మా సామి దిక్కుకే తిరిగినట్లు తాయమ్మా. ఈ పొద్దు ఇద్దరూ ఒగే వైపు ఉండారు, మా అన్నను సూసేదానికి ఇంగ సాకు లేదు వాళ్లకి," అంది. ఏడుస్తున్నవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

కింద రోడ్డు మీద వెంకటముని ఒక్కడే నిలబడి ఉన్నాడు. పడమటికి తిరిగి, బ్లీచింగ్ పౌడరు మీదే, మెల్లగా కుడి మోకాలు వంచాడు. కిర్రుమని చప్పుడు మిద్దె దాకా వినిపించింది. తాయమ్మ కళ్లు మూసుకుంది. జపమాల మొదలుపెట్టింది.

పూసలు సగం తిరిగాయో లేదో, ఫోను మోగింది.

గ్రేసీ చప్పున దాన్ని అందుకుంది. సిస్టర్ నంబరే. ఎత్తింది, విన్నది, అత్త చెవికి ఆనించింది. ముందు ఊపిరి వినిపించింది, సొరంగంలోంచి వస్తున్నట్టు. తర్వాత మాట.

"తాయమ్మా... నేను, ప్రతాప్‌ని. సిస్టర్ ఫోను. ఎక్కువ మాట్లాడలేను."

"ఫాదర్! మావాడు?"

"ఉన్నాడు. ఆయాసం పెరిగింది. రేపు పొద్దున గొంతులో గొట్టం వేస్తారట. వేశాక మాట్లాడలేడు. ఏమీ మింగలేడు."

తాయమ్మ పిట్టగోడ పట్టుకుంది. ప్రార్థన చేస్తున్న మిద్దెల వైపు వీపు తిప్పి, గొంతు బాగా తగ్గించింది. "బండిలో తీసుకున్నాడా ఫాదర్?"

"లేదు. ఆ రోజు మొహం తిప్పుకున్నాడు." ఊపిరి. ఇంకో ఊపిరి. "ఈ రోజు అడిగాడు తాయమ్మా. తనంతట తనే. తప్పులన్నీ చెప్పుకొని పాపసంకీర్తనం చేశాడు. నాన్నకు రాలేదు గదా, నాకన్నా ఇవ్వండి అన్నాడు."

"ఇచ్చినారా?"

ఆ కొసన ముందు దగ్గు వినిపించింది.

"నా దగ్గర లేదు. వార్డులోకి తెచ్చేటప్పుడు ఒంటి మీదివన్నీ తీసి సంచీలో కట్టారు. డబ్బీ అందులో పోయింది. ఇన్ని రోజులూ నాకే తెలివి లేదు. ఈ రోజు అడిగితే సంచీ లేదు. పక్క మంచం పెద్దాయన నిన్న చనిపోయాడు. ఆయన సంచీ అనుకొని నాది వాళ్ల ఇంటికి ఇచ్చి పంపారు. తెల్లవారేలోపు అది దొరికితే, సిస్టర్ లోపలికి తెచ్చిస్తానంది. వాళ్లకు మనవాళ్లెవరూ తెలియరు. ఎవరన్నా తెలిసినవాళ్లు పోయి అడిగితే తప్ప..."

"ఎవురిల్లు ఫాదర్? పేరు సెప్పండి, పేరు!"

"అలిపిరి దగ్గరట. పరంధామయ్య."

ఫోను తెగిపోయింది. తాయమ్మ దాన్ని చెవికి అలాగే పెట్టుకొని నిలబడింది. వెనక మిద్దెల మీద జపం సాగుతూనే ఉంది.

పంకజాక్షి కొండల వైపు జోడించిన చేతులు దించకుండానే, ఆశగా మొహం మాత్రం ఇటు తిప్పింది.

"మీ ఫాదరేనా తాయమ్మా? మీవాడు బాగుండాడంటనా?" అంది. "మా అన్న సంగతి కూడా ఒగ మాట అడిగినావా?"